కంచె పక్కన ఎర్ర స్క్రేపర్

ఇప్పుడే పాజ్ కొట్టా. ‘ఫార్గో’ సినిమాలో కిడ్నాపర్ కార్ల్ మంచు తవ్వుతున్న చోట.

దవడకి తూటా తగిలి మొహమంతా రక్తం. చేతిలో పెట్టె. 80,000 డాలర్లు ఉంటాయనుకుని తెరిస్తే పది లక్షలు! పార్ట్‌నర్‌తో పంచుకోవాల్సిన 80,000 తీసి పక్కన పెడతాడు. మిగతా 9,20,000 కంచె పక్కన మంచులో పాతేస్తాడు. గుర్తుకి కారు అద్దం మీద మంచు గీకే చిన్న ఎర్ర స్క్రేపర్ గుచ్చుతాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. రెండు వైపులా అదే కంచె, అదే తెలుపు.

నవ్వాలో జాలిపడాలో తెలీదు. పైగా అంత దాచుకున్నవాడు కారు ధరలో సగం ఇవ్వనని ఆ పార్ట్‌నర్‌తోనే గొడవపడి అతని గొడ్డలికి బలవుతాడు. సగం కారు కోసం!

అసలు దీనంతటికీ మూలం కార్లు అమ్మే జెర్రీ లెక్కలు. సొంత పెళ్ళాన్నే కిడ్నాప్ చేయించి, కిడ్నాపర్లకి ఒక అంకె, డబ్బు కట్టాల్సిన మామగారికి ఇంకో అంకె చెప్పాడు. అయినా చూడ్డానికి అమాయకుడే అనిపిస్తాడు, అదీ భయం.

పోలీస్ చీఫ్ మార్జ్ సంగతి వేరు. ఏడు నెలల కడుపుతో శవం పక్కన వంగుతుంది. ఏదో ఆధారం దొరికిందేమో అనుకుంటాం. వాంతి వచ్చేలా ఉందట. అది తగ్గగానే మళ్ళీ ఆకలట.

పాత క్లాస్‌మేట్ మైక్‌తో హోటల్ సీను అనవసరం అంటారు చాలామంది. నేనొప్పుకోను. అతను అంత ఏడ్చి చెప్పిందంతా అబద్ధమని తెలిశాకే కదా ఆవిడ మళ్ళీ జెర్రీ దగ్గరికి వెళ్ళింది!

అన్నట్టు, మొదట్లో ‘ఇది నిజంగా జరిగిన కథ’ అని వేస్తారు. అదీ బొంకే.