నల్ల చొక్కా మీద ఛాయా సోమేశ్వరుడు

శివరాత్రికి నల్ల టీషర్టులు కావాలని పానగల్లు కుర్రాళ్లు నల్లగొండలోని మా స్క్రీన్ ప్రింటింగ్ దుకాణానికి వచ్చారు. ఛాతీ మీద ఛాయా సోమేశ్వరాలయం బొమ్మ, దాని కింద పేరు. వాళ్లు తెచ్చిన బొమ్మలో స్తంభాలు పసుపు, నీడలు నలుపు. తెల్ల కాగితం మీద ముచ్చటగా ఉంది. నల్ల గుడ్డకు అలాగే పనికిరాదు.

ముందు నలుపు మొత్తం తీసేశాను. నీడ ఉన్నచోట సిరా పడకూడదు, గుడ్డే కనబడాలి. పగలంతా లింగం మీద నీడ నిలిచే గుడి అది. ఆ నీడ చొక్కాలోనే ఉందని చెబితే ఒక కుర్రాడు గుడ్డను చేత్తో తడిమి చూశాడు.

తరువాత తెల్ల పొర. నల్ల గుడ్డ మీద పసుపు నేరుగా లాగితే, అంటే జాలి తెరలోంచి సిరాను గుడ్డ మీదికి దించితే, బురద రంగు తేలుతుంది. అందుకే ముందు తెలుపు లాగి, వేలికి అంటనంత వరకు వేడిచేసి, ఆపైన పసుపు వేస్తాం. తెలుపు దండిగా దిగాలి కనుక దానికి అంగుళానికి 110 దారాల మెష్ (తెర జాలి) వాడతాను. రెండు పొరలూ ఒకే కొలతలో ఉంటే చొక్కా వెంట్రుకవాసి జరిగినా అంచున తెలుపు బయటపడుతుంది. కాబట్టి తెల్ల బొమ్మను చుట్టూ ఒక పాయింటు, అంటే సుమారు 0.35 మిల్లీమీటర్లు, లోపలికి తగ్గిస్తాను.

అక్షరాలు దెబ్బతినేది ఇక్కడే. ఛ అడుగున ఉండే చిన్న గీత మందం ఒకటిన్నర పాయింట్లు. రెండు పక్కలా ఒక్కో పాయింటు తగ్గేసరికి తెల్ల పొరలో ఆ గీతే లేకుండా పోయింది. నమూనా చొక్కా మీద పసుపు గీత నలుపులో కలిసిపోయి ‘ఛాయా’ కాస్తా ‘చాయా’ అయింది. దేవుడి పేరు తప్పు పోతే నాకు నిద్ర పట్టదు.

అక్షరాలకు పసుపు మానేసి తెలుపు ఒక్కటే ఉంచాను. పైన రంగు లేదు కనుక తగ్గించే పనే లేదు. గీతను రెండున్నర పాయింట్లకు పెంచాను. చిక్కటి తెలుపు పక్కలకు పారి సందులు పూడుస్తుంది కాబట్టి ‘శ్వ’ కింది ఒత్తులో ఖాళీని కూడా కాస్త తెరిచాను.

బొమ్మలు పంపేవారికి ఒక మనవి. అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా, మార్చి పంపండి. ఆ ఫాంటు మా కంప్యూటర్‌లో లేకపోతే ఒత్తులు ఎక్కడివక్కడ చెదిరిపోతాయి. గుడ్డ నూలుదో పాలిస్టరుదో కూడా చెప్పండి. పాలిస్టరైతే వేడికి దాని రంగు తెలుపులోకి ఎక్కుతుంది.

రెండో నమూనాను గుమ్మం ముందు ఎండలో పట్టుకుని చూశాను. ఛ కింద గీత నిలిచింది. మిగిలిన 40 చొక్కాలు లాగడం మొదలుపెట్టాను.