పచ్చరంగు వేసిన పటం

"నైజీరియాలో నీ పనేంటే?" అని మా అమ్మ అడిగినప్పుడల్లా తడబడేదాన్ని. పిల్లలకి పోలియో చుక్కలు వేస్తావా అంటే, వెయ్యను. వైద్యం చేస్తావా అంటే, అదీ లేదు. "చుక్కలు వేశారో లేదో చూస్తానమ్మా" అన్నాను ఒకసారి ఫోన్లో. "అది చూడటానికి గుంటూరు నుంచి అంత దూరం పోవాలా!" అంది. అమ్మ రిటైర్డ్ టీచరు. హాజరుపట్టీలో ఉన్న పిల్లలు బడిలో ఉండకపోవడం ఆవిడకి కొత్త సంగతేం కాదు.

2012 చివర్లో నైజీరియా రాజధాని అబూజాలో దిగాను. అంతకుముందు ఆరేళ్ళు బీహార్‌లో, కోసీ నది పాయల మధ్య ఊళ్ళలో పోలియో నిఘా డాక్టరుగా తిరిగాను. 2009లో మన దేశంలో 741 పోలియో కేసులు. 2011 జనవరి 13న హౌరాలో ఒక పాపకి వచ్చింది, తర్వాత ఇక లేదు. ఆ గర్వం నాతో పాటు విమానం ఎక్కింది. నైజీరియాలో ఆ ఏడాది 122 కేసులు. మేమొచ్చి నేర్పుతాం, వీళ్ళు నేర్చుకుంటారు అనుకున్నాను. పైకి అనలేదు కానీ మొహంలో కనబడే ఉంటుంది.

అప్పుడే అబూజాలో పోలియో కోసం అత్యవసర కేంద్రం పెట్టారు. నడిపేది నైజీరియా ప్రభుత్వ డాక్టర్లే. మాలాంటి విదేశీయులం లెక్కలు చూసి సలహాలు చెప్పేవాళ్ళం. దేశంలో 36 రాష్ట్రాలు, రాజధాని ప్రాంతం, వాటి కింద 774 స్థానిక ప్రభుత్వాలు, అంటే ఇంచుమించు మన మండలాల్లాంటివి. చుక్కల కార్యక్రమం నడిచే రోజుల్లో సాయంత్రానికి ఉత్తరాది రాష్ట్రాల నుంచి లెక్కలొచ్చేవి. ఎన్ని ఇళ్ళు తిరిగారు, ఎంతమంది పిల్లలు దొరకలేదు, ఎవరు వద్దన్నారు. రాత్రి తొమ్మిదింటికి కూడా ఎవరో ఒకరు ఏదో ఒక జిల్లాతో ఫోన్లో గొడవపడుతూనే ఉండేవారు. బీహార్ గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చేది.

అసలు పాఠం ఉత్తరాదిలోని కానోలో మొదలైంది. పాత కోట ఊరు, మట్టిగోడల ఇళ్ళు. వాకిట్లోకి పరాయి మగాడు అడుగు పెట్టకూడదు కాబట్టి చుక్కలు వేసేది ఆడవాళ్ళే, లోపలికి వెళ్ళి చూడగలిగింది నేనే. పోలియోని అక్కడివాళ్ళ హౌసా భాషలో "షాన్ ఇన్నా" అంటారు. ఇన్నా ఒక ఆత్మ, అది పిల్లల కాళ్ళలో సత్తువ తాగేస్తుందని నమ్మకం. ఆత్మ చేసిన పనికి చుక్కల మందేమిటి అనేవాళ్ళు కొందరు. అంతకంటే బలమైన కారణం ఇంకొకటుంది. 1996లో అక్కడ మెదడు పొరల వాపు (మెనింజైటిస్) మహమ్మారి వచ్చినప్పుడు ఒక విదేశీ కంపెనీ పిల్లల మీద కొత్త మందు పరీక్షించింది. ఆ గాయం మానలేదు. 2003లో చుక్కల్లో పిల్లలు పుట్టకుండా చేసే మందు కలిపారన్న పుకారు లేస్తే, కానో రాష్ట్రం ఏడాది దాకా టీకా ఆపేసింది. చివరికి ముస్లింలు ఎక్కువగా ఉండే ఇండోనేషియా నుంచి టీకా తెప్పించి 2004లో మళ్ళీ మొదలుపెట్టారు. ఈలోగా వైరస్ ఎన్నో దేశాలకి పాకింది. చదువులేక భయపడ్డారని తేల్చేసేవాళ్ళతో నాకు ఒప్పుదల లేదు. మోసపోయినవాళ్ళు రెండోసారి తలుపు తియ్యకపోవడం అమాయకత్వమా?

ఒక ముసలమ్మ వాకిట్లో ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టి మరీ దులిపింది. "నెలనెలా వద్దన్నా వచ్చి చుక్కలేస్తారు. మొన్న మనవడికి జ్వరమొచ్చి మాడిపోతుంటే ఆసుపత్రిలో మాత్ర లేదు. మీ మందు మీద మీకెందుకంత ప్రేమ?" సరిగ్గా ఇదే మాట బీహార్‌లో ఇంకో భాషలో విన్నాను. అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు. తర్వాత తర్వాత చుక్కలతో పాటు మలేరియా మాత్రలు, సబ్బులు ఇచ్చే శిబిరాలు పెట్టారు. ఆ ముసలమ్మలాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి తిడితే వచ్చిన శిబిరాలవి.

నేను వెళ్ళిన కొద్ది నెలలకే, 2013 ఫిబ్రవరిలో, కానోలో తుపాకులతో వచ్చి చుక్కలు వేసే ఆడవాళ్ళని కాల్చి చంపారు. కనీసం తొమ్మిది మంది. రోజుకి చేతికొచ్చే భత్యం మా ఊళ్ళో మిరపకోత కూలి కంటే తక్కువ. తర్వాతి విడతకి వాళ్ళ తోటివాళ్ళు ఐసు డబ్బాలు భుజానేసుకుని బయల్దేరారు. ఆ వారం నేను మా ఇంటికి ఫోన్ చెయ్యలేదు, చేస్తే రమ్మంటారని.

కానో సంతలో ఒకరోజు ఆకుకూరల దగ్గర ఆగిపోయాను. ఎర్రకాడల గోంగూర! "యాకువా" అంది అమ్మే ఆవిడ. వేరుశనగ పిండితో కలిపి తింటారట. నాలుగు కట్టలు కొని, అబూజా తెచ్చి, అక్కడి మిరపకాయలతోనే పచ్చడి నూరాను. అక్కడి బియ్యప్పిండి మాసా మన గుంతపొంగణమే. ఆ రెండూ దొరికాక నైజీరియాలో నాకు ఇంటి బెంగ తీరింది.

పనిలో ఎక్కువ కష్టం అబద్ధం పట్టుకోవడం. చుక్కలు వేసిన పిల్లల చిటికెన వేలికి మార్కరుతో గీత పెడతారు. తల్లి వద్దంటే, టీమ్ వాళ్ళకి పై అధికారి టెన్షన్. ఇద్దరూ రాజీపడి చుక్క వెయ్యకుండా గీత మాత్రం గీసేవాళ్ళు. కాగితం మీద అందరూ క్షేమం. అందుకే విడత అయ్యాక వేరే వాళ్ళని పంపి, ఒక్కో ప్రాంతంలో 60 మంది పిల్లల వేళ్ళు చూసేవాళ్ళం. ముగ్గురి కంటే ఎక్కువ మందికి గీత లేకపోతే ఆ ప్రాంతం 90 శాతం గీటు దాటలేదన్నట్టే. దొంగగీతని మాత్రం ఇదీ పట్టుకోలేదు. చేత్తో గీసిన పాత పటాల్లో లేని పల్లెలు ఉపగ్రహ చిత్రాల్లో వేలకొద్దీ బయటపడ్డాయి. టీమ్‌ల చేతికి ఫోన్లు ఇచ్చి ఏ దారిన నడిచారో చూడటం మొదలుపెట్టారు. చెట్టు కింద కూర్చున్న టీమ్ పటంలో కదలని చుక్కలాగే కనబడేది.

కేసులు తగ్గాయి. 2014లో ఆరు, చివరిది ఆ జులైలో. 2015 సెప్టెంబరులో పోలియో నిరంతరం ఉండే దేశాల జాబితా నుంచి నైజీరియాని తీసేశారు.

అందులో నా చెయ్యి ఉంది. నిఘా లెక్కల పటం తయారుచేసిన వాళ్ళలో నేనొకదాన్ని. పోలియో లేదని చెప్పాలంటే, పోలియో కాని వేరే కారణాలతో కాళ్ళు చచ్చుబడిన పిల్లలైనా దొరుకుతూ ఉండాలి. 15 ఏళ్ళలోపు లక్షమందికి ఏటా కనీసం ఇద్దరు. అలాంటి పిల్లలు దొరకలేదంటే వెతికేవాళ్ళే లేరని అర్థం. ఈశాన్య మూలన ఉన్న బోర్నో రాష్ట్రంలో మైదుగురి ఊరు, దాని చుట్టూ వలస శిబిరాల్లో బాగా వెతికేవాళ్ళు, కేసులు బాగా దొరికేవి. బోకో హరామ్ ఉగ్రవాదుల చేతిలో ఉన్న పల్లెల నుంచి ఏమీ రాదు. రెండూ కలిపి సగటు తీస్తే రాష్ట్రం గీటు దాటింది. నేను పచ్చరంగు వేశాను.

మైదుగురి నుంచి సమావేశానికి వచ్చిన నర్సు ఒకావిడ, మేమంతా హజియా అని పిలిచేవాళ్ళం, టీ తాగుతూ గోడమీద పటం చూసింది. "లికిటా, ఈ పచ్చరంగులో సగం ఊళ్ళకి రెండేళ్ళుగా నేను పోలేదు. నేనే పోకపోతే ఇంకెవరు పోయుంటారు?" లికిటా అంటే డాక్టరు. సగటు బాగానే ఉంది హజియా, అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. మనసు ఒప్పక, పటం అడుగున ఒక ముక్క చేర్చాను, కొన్ని ప్రాంతాలకు ప్రవేశం లేదని. ఎంత చిన్న అక్షరాలంటే, నేనే కళ్ళజోడు పెట్టుకుని చదవాలి.

2016 జూన్‌లో హైదరాబాద్ నుంచి తమ్ముడు ఫోన్. "అక్కా, అంబర్‌పేట మురుగునీళ్ళలో పోలియో దొరికిందట, మా చిన్నదానికి ఇంజెక్షన్ అంటున్నారు, వేయించమంటావా?" అది టీకాలోని రెండో రకం వైరస్ మారగా పుట్టినది, సహజంగా తిరిగే వైల్డ్ వైరస్ కాదు. అయినా నగరంలో, చుట్టుపక్కల మూడు లక్షల మంది పిల్లలకి వెయ్యాలని పూనుకున్నారు. వేయించరా, అన్నాను. ఒక్క పిల్లకి కూడా కాళ్ళు పడిపోకముందే మురుగులో పట్టుకున్నారంటే వెతికేవాళ్ళు ఉన్నారన్నమాట, సంతోషించు, అని లెక్చరు కూడా ఇచ్చాను.

రెండు నెలలు తిరక్కుండా, ఆగస్టులో, బోర్నోలో వైల్డ్ పోలియో. మొదట ఇద్దరు పిల్లలు, గ్వోజాలో ఒకరు, జేరేలో ఒకరు. ఆ ఏడాది మొత్తం నలుగురు. జన్యువులు చూసినవాళ్ళు చెప్పింది విని కుర్చీలో కూలబడ్డాను. ఆ వైరస్‌కి దగ్గర చుట్టం బోర్నోలో చివరిసారి కనబడింది 2011లో. మధ్యలో ఐదేళ్ళు అది అక్కడే తిరుగుతూ ఉంది, నేను పచ్చరంగు వేసిన చోటే. పోలియో సోకిన ప్రతి 200 మందిలో ఒకరికి మాత్రమే కాళ్ళు పడిపోతాయి. మిగతావాళ్ళు ఎంతమందో లెక్కవేసే ధైర్యం ఆ రాత్రి చెయ్యలేదు.

హజియాకి ఫోన్ చేశాను. నేనప్పుడే చెప్పానుగా అనలేదు. ఎన్ని ఐసు డబ్బాలు పంపగలవని అడిగింది.

తర్వాతి నాలుగేళ్ళ పనిలో నా పాత్ర చిన్నది. ఉపగ్రహ చిత్రాల్లో ఏ పల్లె తగలబడింది, ఏ పల్లెలో ఇంకా మనుషులున్నారు అని చూసేవాళ్ళు. డాక్టర్లు పోలేని చోటికి సైనికులు టీకాలు మోసుకెళ్ళారు. పశువుల కాపరులు, నాటువైద్యులు కాళ్ళు పడిపోయిన పిల్లల కబురు తెచ్చేవారు. ఆ పల్లెలు దాటి వచ్చిన తల్లులని సంతల్లో, శిబిరాల గుమ్మాల్లో ఆపి చుక్కలు వేశారు. చాద్ సరస్సు చుట్టూ ఉన్న దేశాలన్నీ కలిసి విడతలు నడిపాయి. పటంలో రంగులు నేను వెయ్యడం మానేశాను. వెళ్ళని ఊరికి వెళ్ళలేదనే రాసేదాన్ని, తెల్లగా వదిలేసి. ఆ తెల్లమచ్చలు చూసి పై అధికారులు చిరాకు పడేవారు.

2020 ఆగస్టు 25న ఆఫ్రికా ఖండంలో వైల్డ్ పోలియో లేదని ప్రకటించారు. కరోనా కాబట్టి అంతా ఆన్‌లైన్లోనే. అప్పటికి నేను గుంటూరు వచ్చేశాను. అమ్మ పక్కన కూర్చుని ఫోన్లో చూసింది.

"అయిపోయిందా అయితే?"

"వైల్డ్ వైరస్ అయిపోయింది. టీకా నుంచి పుట్టిన రెండో రకం ఇంకా ఉంది."

"లేదని ఎవరెళ్ళి చూశారే?"

ఆ సాయంత్రం హజియా ఫోన్ చేసినప్పుడు అమ్మ ప్రశ్న చెప్పాను. పగలబడి నవ్వింది. "ఇంకా పోని ఊళ్ళ జాబితా నా సంచిలోనే ఉందని చెప్పు మీ అమ్మకి" అంది. పొద్దున్నే సంతకి పోవాలట, ఐసు ఇంకా గడ్డకట్టలేదని ఫోన్ పెట్టేసింది.