చిన్నపిల్లల టీచరమ్మకి ఓపిక ఎక్కడ తరిగిపోతోంది?

టీచర్లలో ఉత్సాహం నింపాలంటే మన దగ్గర మామూలుగా జరిగేది ఒకటే. ఒంగోల్లోనో నెల్లూరులోనో ఒక హాలు, ఒక వక్త, రెండు గంటల ప్రసంగం, చివర్లో సమోసా, టీ. మర్నాడు తొమ్మిదింటికి పాతిక మంది పిల్లలు మళ్లీ అలాగే ఏడుస్తుంటారు. అంగన్‌వాడీ టీచరైనా, ప్రైవేటు బళ్లో ఎల్‌కేజీ మిస్సైనా పిల్లలంటే ఇష్టం లేక విసిగిపోదు. ఆ రోజును అమర్చిన తీరులోనే ఓపిక కారిపోయే చోట్లు ఉంటాయి. ప్రసంగం వాటి దాకా పోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో బర్న్‌అవుట్‌ని, అంటే పని ఒత్తిడికి మనిషి పూర్తిగా అలసి చల్లబడిపోవడాన్ని, రోగంగా లెక్కేయలేదు, ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగానే చెప్పింది. మూడు గుర్తులు ఇచ్చింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, చేస్తున్నదానికి ఫలితం లేదనిపించడం. చిన్నపిల్లల దగ్గర పనిచేసేవాళ్లని ఎక్కువగా తినేసేది ఆ మూడోదే. పదో తరగతి టీచరుకి మార్కులు కనపడతాయి. మూడేళ్ల పిల్ల చెప్పు తనే వేసుకోవడం నేర్చుకుంటే ఎవరూ ఫ్లెక్సీ కట్టరు.

మొదట జూన్ సంగతి. బళ్లు తెరిచిన మొదటి రెండు వారాల్లో పోయిన ఓపిక దసరా దాకా తిరిగి రాదు. కొత్త పిల్లలందర్నీ ఒకేరోజు చేర్చుకోవడంతోనే చెడుతుంది. ఒకడు ఏడిస్తే పక్కవాడూ ఏడుపు అందుకుంటాడు, పాతిక మందిని ఎత్తుకోవడానికి ఉన్నవి రెండు చేతులు. రోజుకి నలుగురైదుగురి చొప్పున చేర్చుకుంటూ, మొదటి మూడు రోజులు గంటన్నరకే ఇంటికి పంపాలి. గుమ్మం దగ్గర అప్పగింత నిమిషంలో అయిపోవాలి. అమ్మో అవ్వో కళ్లుగప్పి జారుకుంటే, ఆ పిల్ల మర్నాడు గుమ్మం చూడగానే కాళ్లు చుట్టేసుకుంటుంది. "అన్నం తిన్నాక వస్తా" అని మొహం చూసి చెప్పి వెళ్లమనండి, చెప్పినట్టే రమ్మనండి. కిటికీ దగ్గర నిలబడి తొంగిచూసే అవ్వని మాత్రం మొహమాటపడకుండా పంపించేయాలి. ఆమె కనపడినంతసేపూ ఏడుపు ఆగదు.

ఇక గొంతు. ఒకే గది, పైన రేకులు, పక్కన రోడ్డు. చుట్టూ మోత పెరిగేకొద్దీ మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడు. టీచర్ అరుస్తుంది, పిల్లలు అంతకన్నా గట్టిగా మాట్లాడతారు, మధ్యాహ్నానికి గొంతు బొంగురు, తలనొప్పి, చిరాకు. "నిశ్శబ్దం!" అనే కేక రెండో వారానికే పనిచేయడం మానేస్తుంది. దాని బదులు ఒక చప్పట్ల వరస అలవాటు చేయాలి. టీచర్ మూడు చప్పట్లు కొడితే పిల్లలు రెండు కొట్టి చేతులు తల మీద పెట్టుకోవాలి. అలవాటయ్యేదాకా అల్లరి లేనప్పుడు కూడా ఆటలాగా చేయించాలి. అల్లరప్పుడే వాడితే పిల్లలకది తిట్టులా వినపడుతుంది. ఒక్క పిల్లాడితో చెప్పాల్సిన మాట గది ఇవతల నుంచి కాకుండా దగ్గరికెళ్లి, కూర్చుని, వాడి కళ్ల ఎత్తులో చెప్పాలి. బాగా బొంగురుపోయిన రోజున గుసగుసగా మాట్లాడినా గొంతుకి విశ్రాంతి దొరకదు, తగ్గించి మామూలుగా మాట్లాడటమే మేలు. మూడు వారాలు దాటినా బొంగురు పోకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోవాలి.

గొంతుకి నీళ్లు కావాలి. బళ్లో సరైన బాత్రూం లేకపోతే ఆడవాళ్లు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. నెల్లూరు ఎండల్లో అలా చేస్తే మూత్రంలో మంట, తలపోటు. తలుపుకి లోపలి గడియ బిగించడానికి, ఒక బకెట్టు, మగ్గు పెట్టడానికి పెద్ద నిధులేం అక్కర్లేదు. టీచర్ల మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడే అధికారి ముందు ఆ గడియ చూసి రావాలి.

రోజు వరసలో తప్పు ఇలా ఉంటుంది: పాట, కథ, రంగులు, అంకెలు, మళ్లీ పాట. అన్నీ టీచర్ గొంతు మీదే నడుస్తాయి. పది నిమిషాలు తను నడిపితే, తర్వాత ఇరవై నిమిషాలు పిల్లలు వాళ్లంతట వాళ్లు ఆడుకునేలా వరస మార్చాలి. గది నాలుగు మూలల్లో నాలుగు పనులు, మూలకి ఆరేడుగురు. తడి బంకమట్టి ఒక చోట, చెక్క దిమ్మెలు ఒక చోట, బొమ్మల పుస్తకాలు ఒక చోట, వంటిల్లు ఆట ఒక చోట. ఉదయగిరి చెక్క గరిటెలు నాలుగు ఉంటే ఆ వంటింటికి కళ వస్తుంది, కింద పడినా పగలవు. చింతపిక్కలు, కందిపప్పు మాత్రం వద్దు. ముక్కులో, చెవిలో దోపుకుంటారు, ఆ రోజంతా ఆస్పత్రి పాలు. మూలల ఆట నడిచే ఇరవై నిమిషాలూ టీచర్ గోడకి ఆనుకుని కూర్చోవాలి. చూస్తూ కూర్చోవడం కూడా పనే, బద్ధకం కాదు. సూపర్‌వైజర్ లోపలికి రాగానే ఉలిక్కిపడి లేవాల్సిన అవసరం లేదన్నమాట.

ఆయా ఉన్న చోట పదిహేను నిమిషాలు చేతులు మార్చుకోవచ్చు. ముందు టీచర్ బయటికి, తర్వాత ఆయా. ఆయాని మరిచిపోయి టీచరు క్షేమం ఒక్కటే చూసుకునే కేంద్రంలో ఇద్దరికీ పడదు, ఆ చిటపటలు పిల్లల మీదే పడతాయి.

యాప్ గొడవ అందరికీ తెలిసిందే. అంగన్‌వాడీ వివరాలు ఎక్కించే ప్రభుత్వ యాప్ పోషణ్ ట్రాకర్లో ఎంట్రీలు, ఫొటోలు, పైన రిజిస్టర్లు. సిగ్నల్ లేని ఊళ్లో పిల్లల మధ్య ఫోన్ పట్టుకుని తిరిగితే ఇటు పిల్లల్నీ చూసుకోలేరు, అటు ఎంట్రీ కూడా పడదు. అప్పటికప్పుడు వేయాల్సినవి వేసేసి, మిగతావి ఒక కాగితం మీద గీసుకుని, పిల్లలు వెళ్లాక ఒకే దఫాలో ఎక్కించుకోవాలి. వాట్సాప్ గ్రూపులో సాయంత్రం ఆరు దాటాక వచ్చిన మెసేజీకి మర్నాడు జవాబిస్తే చాలని సూపర్‌వైజరే రాసి పెట్టాలి. కింద ఉన్నవాళ్లు ఆ మాట అడగలేరు.

తల్లిదండ్రుల మాట ఇంకోరకం ముల్లు. "ఏంది మేడం, మావోడికి ఇంకా అ ఆలు రాలా?" అంటారు. పక్క వీధి కాన్వెంట్‌లో మూడేళ్లకే రాయిస్తున్నారు మరి. దానికి జవాబు నోటితో చెప్తే వాదనవుతుంది, చేతిలో పెడితే అవదు: "రాయడానికి ముందు వేళ్లకి బలం రావాలమ్మా. ఇదిగో, మీవోడు మట్టితో చేసిన పాము. పోయిన నెల ముద్ద కూడా నలపలేకపోయాడు."

కందుకూరు, టంగుటూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లు (కొట్లు) కాల్చే రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్లకి రాత్రీ పగలూ పనే, పిల్లలు నిద్ర చాలక వస్తారు. పడమటి మండలాల్లో అమ్మానాన్నలు హైదరాబాదుకో బెంగళూరుకో పనికెళితే పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. అలాంటి పిల్ల ఉన్నట్టుండి పక్కపిల్లని కొరికితే టీచరు తన తప్పేనేమో అనుకుంటుంది. టీచరమ్మా, మీ లోపం కాదది. నిద్ర కావాల్సిన పిల్లకి చాప వేసి పడుకోబెట్టండి, ఆ రోజు పాఠం పోతే పోయింది. ఒంటి మీద దెబ్బలో, భయపెట్టే మాటలో కనపడితే మాత్రం గుండెల్లో పెట్టుకుని ఇంటికి మోసుకెళ్లొద్దు. తేదీ, చూసింది, పిల్ల అన్న మాట అన్నట్టే రాసి, సూపర్‌వైజరుకి చెప్పి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. లైంగిక వేధింపు అనుమానం ఉంటే పోలీసులకి చెప్పడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి.

సూపర్‌వైజర్లకి ఒక మాట. తనిఖీకొస్తే మొదటి పావుగంట రిజిస్టర్ అడక్కండి, కూర్చుని చూడండి. వెళ్లేముందు కళ్లారా చూసిన ఒక్క మంచి సంగతి చెప్పండి. "బాగుంది" అంటే ఎవరికీ ఎక్కదు. "ఏడుస్తున్న ఆ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకునే మిగతావాళ్లకి కథ నడిపారు" అంటే ఆర్నెల్లు గుర్తుంటుంది. మందలించాల్సిందేదైనా ఉంటే తల్లుల ముందు, ఆయా ముందు వద్దు. మీ కింది కేంద్రాల టీచర్లంతా కలిసే సెక్టార్ మీటింగులో కూడా చివరి అరగంట ఏడెనిమిది మంది చొప్పున గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కరి చిక్కు వినండి. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ సలహా ఇవ్వకూడదు, పిల్ల పేరు ఎత్తకూడదు. సలహాలు ముందే మొదలైతే తర్వాతి నెల నోరు విప్పేవాళ్లుండరు.

ఫలితం కనపడని బాధకి మందు ఒక వంద పేజీల నోట్‌బుక్. రోజుకి ఒక్క పిల్ల, రెండే వాక్యాలు. "కత్తెర పట్టడం రాలేదు, కాగితం చింపేసింది." పాతిక మంది ఉంటే నెలకోసారి ఒక్కొక్కరి వంతు వస్తుంది. ఆగస్టులో ఆ పిల్ల గీత మీదే కత్తిరించింది అని రాసేటప్పుడు పాత పేజీ తిప్పి చూసుకోవచ్చు. ఇది అధికారుల రిజిస్టర్ కాకూడదు. ఎవరైనా తనిఖీ చేస్తారని తెలిస్తే అందులోనూ అబద్ధాలు చేరతాయి.

వీటన్నిటి తర్వాత కూడా నీరసం తగ్గకపోతే ముందు రక్త పరీక్ష. గర్భిణుల చేత ఐరన్ మాత్రలు మింగించే టీచరమ్మే తన హిమోగ్లోబిన్ ఎంతో చూసుకోదు. గర్భం లేని ఆడవాళ్లకి డెసిలీటరు రక్తంలో 12 గ్రాములకి తగ్గితే రక్తహీనత కిందే లెక్క. థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోవడం, ఏడుపు రావడం, పిల్లల మొహం చూడాలనిపించకపోవడం ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, రోజంతా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఫోన్ పిల్లలు వెళ్లగానే చేసేయాలి. రిజిస్టర్ తెరిస్తే ఆ రోజుకి ఇక చేయరు.