బెజవాడ ప్రయాణంలో తేలిన కిలోమీటరు లెక్క

బెజవాడలో పెళ్లికి వెళ్లడానికి టాక్సీ అతను కిలోమీటరుకు 14 రూపాయలు అడిగినప్పుడు నాకది అన్యాయంగా తోచింది. సొంత కారుకు పెట్రోలు ఖర్చు ఏడు రూపాయలు కూడా కాదన్న ధీమాతో ఎల్బీనగర్ బంకులో ట్యాంకు నిండా పోయించి, మీటరు అంకె రాసుకుని, బాబాయిని ఎక్కించుకుని బయలుదేరాను.

తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు నేను ఆ ధర సంగతి మళ్లీ ఎత్తగానే బాబాయి జేబులోంచి పెన్ను తీశాడు. ఆయన చాలా ఏళ్లు అంబాసిడర్‌ను అద్దెకు తిప్పిన మనిషి. రోజూ రాత్రి మీటరు, డీజిలు, పంక్చర్ల ఖర్చు ఒక పుస్తకంలో రాసుకోవడం నా చిన్నతనంలో చూశాను.

"కారు ఎంతకు కొన్నావు, ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుంది?" అని అడిగాడు.

ఐదేళ్ల క్రితం లైఫ్ టాక్సుతో కలిపి 10 లక్షలు అయింది. మొన్న చూసి వెళ్లినాయన 5 లక్షలకు మించి ఇవ్వనన్నాడు. బీమా లెక్కలోనూ ఐదో ఏట కారు విలువ షోరూం ధరలో సగానికి పడిపోతుంది కనుక ఆయనను తప్పుపట్టలేను. తిరిగింది 50,000 కిలోమీటర్లు, అంటే పెట్రోలు చుక్క పోయకముందే కిలోమీటరుకు 10 రూపాయలు కరిగిపోయాయి. ఐదేళ్ల బీమాకు 60,000, సర్వీసింగుకూ టైర్లకూ 65,000 కలిపితే మరో రెండున్నర రూపాయలు. టోలు మాత్రం, 200 సార్లు దాటనిచ్చే ఫాస్టాగ్ వార్షిక పాసు అప్పట్లో 3,000 రూపాయలకు తీసుకుని ఉండటంతో, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడు చోట్లా రానూపోనూ 90 రూపాయలతో సరిపోయింది.

ఎల్బీనగర్ చేరి అదే బంకులో మళ్లీ నిండా పోయిస్తే 34.5 లీటర్లు పట్టింది. తిరిగిన దూరం 552 కిలోమీటర్లు. లీటరు 107 రూపాయల చిల్లర చొప్పున పెట్రోలు ఆరు రూపాయల డెబ్బై పైసలు. అన్నీ కలిపితే కిలోమీటరుకు 19 రూపాయలు దాటింది.

టాక్సీ అతని బండి నాది ఏడాదిలో తిరిగే దూరాన్ని రెండు నెలల్లో తిరుగుతుంది కాబట్టి దాని బీమా, తరుగుదల ఎక్కువ కిలోమీటర్ల మీదికి సర్దుకుంటాయి. అయితే టాక్సీలో వెళ్లినంత మాత్రాన నాకు ఆ 19 రూపాయలూ మిగిలేవి కావు. "బండి తిరిగినా తిరగకపోయినా తినేది తింటూనే ఉంటుంది," అన్నాడు బాబాయి. తర్వాత, రోజూ అమీర్‌పేటకు మెట్రోలోనే కదా వెళ్తున్నావు, మరి ఈ కారు దేనికని అడిగాడు. ఇల్లు చేరేదాకా ఆలోచించినా నాకు జవాబు తోచలేదు.