రాని వార్త

నిన్న బీరువా సర్దుతుంటే పాత ప్రెస్ కార్డు దొరికింది. రెండేళ్లు ఓ పేపర్‌కి మా మండలం కంట్రిబ్యూటర్‌గా చేశాను. జీతం ఉండదు, లైన్ అకౌంటే, అంటే అచ్చైన లైన్ల లెక్కన డబ్బులు. పెట్రోలు ఖర్చు కూడా వచ్చేది కాదు. ఆగస్టు 15 వస్తోందంటే మాత్రం యాడ్లు తేవాల్సిన టార్గెట్ టెన్షన్.

ఓసారి ఓ ప్రైవేటు కాలేజీ హాస్టల్లో సాంబారన్నం తిని పిల్లలు వరుసగా వాంతులు చేసుకున్నారు. ఆస్పత్రికెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి, ఫొటోలతో సహా పంపాను. తెల్లారి ఐదింటికే పేపర్ కట్ట విప్పి చూశా. వార్త లేదు. జిల్లా పేజీలో అదే కాలేజీ ర్యాంకుల యాడ్, పిల్లల నవ్వు ముఖాలతో. డెస్క్‌కి ఫోన్ చేస్తే, "తమ్ముడూ, ఆ యాడ్ బిల్లెంతో తెలుసా?" అన్నారు. అంతే. ఎవరూ బెదిరించలేదు, కేసూ పెట్టలేదు.

2022లో న్యూస్ ఛానెల్ ఎన్డీటీవీ అదానీ చేతికి వెళ్లినప్పుడు, అందులో యాంకర్ రవీశ్ కుమార్ రాజీనామా చేసినప్పుడు అందరూ గగ్గోలు పెట్టారు. పెట్టాల్సిందే. 2014లోనే టీవీ ఛానెళ్ల గ్రూపు నెట్‌వర్క్18 రిలయన్స్ కిందికి వెళ్లింది. 2023 ప్రపంచ పత్రికా స్వేచ్ఛ సూచీలో 180 దేశాల్లో మనది 161వ స్థానం. నాకు మాత్రం ఆ అంకె చూసినప్పుడల్లా ఆ ర్యాంకుల యాడే గుర్తొస్తుంది.

మా నాన్న ఇప్పటికీ రోజూ రెండు పేపర్లు కొంటాడు. ఒకదాంట్లో సభ జనసంద్రం, రెండోదాంట్లో అదే సభలో ఖాళీ కుర్చీలు. "రెండూ కూడి రెండుతో భాగించు" అంటాడు, కళ్లజోడు తుడుచుకుంటూ.