టేస్టింగ్ సాల్ట్ తింటే స్పెర్మ్ కౌంట్ పడిపోతుందా?

పిల్లల కోసం చూస్తున్న మగవాళ్ళకి చుట్టాలు, ఫ్రెండ్స్, యూట్యూబ్ వీడియోలు అన్నీ కలిసి చెప్పే మాట ఒకటుంది, ఆ టేస్టింగ్ సాల్ట్ వేసినవి మానెయ్, కౌంట్ పడిపోతుంది అని. ఇది విని తిండి మార్చేసుకుని, టెస్ట్ మాత్రం చేయించుకోకుండా నెలలకి నెలలు గడిపేస్తున్నవాళ్ళని చూస్తుంటే నిజంగా బాధేస్తుంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. టేస్టింగ్ సాల్ట్ అంటే మోనోసోడియం గ్లుటమేట్, అదే ఎమ్మెస్‌జీ, కొన్ని ప్యాకెట్ల మీద ఈ621 అని ఉండేది కూడా ఇదే. మగ ఎలుకలకి రోజూ ఇచ్చి చూసిన చాలా స్టడీల్లో కౌంట్ తగ్గింది, వీర్య కణాల కదలిక తగ్గింది, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ కూడా తగ్గింది. వృషణాల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్, అంటే కణాలకి హాని చేసే ఫ్రీ రాడికల్స్ ఒత్తిడి, పెరిగి కణాలు దెబ్బతినడం ఒక కారణం. ఇంకోటి మెదడు వైపు నుంచి, 1969లో జాన్ ఓల్నీ అనే అమెరికా శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి దీన్ని ఇంజెక్ట్ చేస్తే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దెబ్బతింది, వృషణాలకి పని చెప్పే హార్మోన్లు మొదలయ్యేది అక్కడే కదా.

కానీ డోసు చూడండి. ఇలాంటి స్టడీల్లో ఇచ్చేది చాలాసార్లు కిలో బరువుకి గ్రాముల్లో ఉంటుంది. కిలోకి 2 గ్రాములు అనుకుంటే 70 కిలోల మనిషికి 140 గ్రాములు, ఎలుక డోసుని మనిషికి మార్చేటప్పుడు వాడే 6.2తో భాగించినా 22 గ్రాములు దాటుతుంది, అదీ రోజూ! యూరప్ ఫుడ్ సేఫ్టీ సంస్థ 2017లో పెట్టిన హద్దు రోజుకి కిలో బరువుకి 30 మిల్లీగ్రాములు, అంటే ఇదే మనిషికి 2.1 గ్రాములు. పైగా నోటితో తిన్న గ్లుటమేట్‌లో ఎక్కువ భాగం పేగు గోడలోని కణాలే ఇంధనంగా వాడేసుకుంటాయి, సూదితో ఎక్కిస్తే ఆ అడ్డు ఉండదు. టమాటాలో ఉండేదీ ఇదే గ్లుటమేట్.

అలాగని ఎంతైనా తినెయ్యమని కాదు. ప్యాకెట్ ఫుడ్ మీదే బతికేవాళ్ళు ఆ హద్దు దాటొచ్చని ఆ సంస్థే చెప్పింది, తగ్గిస్తే మంచిదే. నా బాధంతా నేరం మొత్తం దీని మీద వేసేసి అసలు కారణం వెతక్కపోవడం గురించే.

సెమెన్ అనాలిసిస్, అంటే వీర్య పరీక్ష, చిన్న టెస్టు, 2 నుంచి 7 రోజులు ఆగి శాంపిల్ ఇవ్వాలి, తేడా వస్తే మళ్ళీ ఒకసారి చేయించాలి. డబ్ల్యూహెచ్‌ఓ 2021 పుస్తకంలో కింది హద్దు మిల్లీలీటర్‌కి 1.6 కోట్ల కణాలు, అంతకంటే తక్కువుంటే పిల్లలు పుట్టరనేం కాదు. ఒక కణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఇవాళ తిండి మార్చి వచ్చే వారం రిపోర్ట్‌లో తేడా వెతక్కండి.

డాక్టర్ దగ్గర అడగాల్సినవి వేరే ఉన్నాయి, వెరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) ఉందా, సిగరెట్ సంగతేంటి, వేడి దగ్గర పనా. జిమ్ కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వాడుతుంటే మాత్రం అస్సలు దాచొద్దు. బయట నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు తన సిగ్నల్ ఆపేస్తుంది, కౌంట్ సున్నాకి కూడా పడిపోవచ్చు, ఇది మనుషుల్లోనే చూసిన విషయం, ఆపాక కూడా తిరిగి రావడానికి చాలామందికి నెలలు పడుతుంది.