రూట్ చేసినా పెరగని చోటు

పాత ఆండ్రాయిడ్ ఫోనులో స్టోరేజ్ నిండిపోయిందన్న హెచ్చరిక రాగానే, ఫోన్ల గురించి కాస్తో కూస్తో తెలిసిన ప్రతివారూ ఇచ్చే సలహా ఒకటుంది. ఫోనును రూట్ చేసి, కంపెనీ ముందుగానే ఎక్కించి పంపిన పనికిమాలిన యాప్‌లన్నిటినీ తీసిపారేస్తే బోలెడంత చోటు దొరుకుతుందని అంటారు. ఇందులో సగం నిజం. ఆ యాప్‌లు పోతాయి. చోటు మాత్రం దాదాపు పెరగదు.

మా మామయ్యగారి ఫోను కారణంగా ఈ సంగతిని ఈమధ్య మళ్ళీ నిదానంగా చూడవలసి వచ్చింది. ఆయన హిందూపురంలో ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, ఇప్పుడు మాతోపాటు బెంగళూరులో మారతహళ్ళిలో ఉంటున్నారు. ఫోనులో ఉన్నది ఆండ్రాయిడ్ 5.1, స్టోరేజ్ 8 జీబీ. బ్యాటరీ ఊడదీయడానికి వీలుంది, చొక్కా జేబులో ఇమిడిపోతుంది కాబట్టి దాన్ని మార్చడానికి ఆయన ససేమిరా ఒప్పుకోరు. మా వీధి చివర రిపేరు దుకాణంలో కుర్రవాడు, "రూట్ చేసి క్లీన్ చేసిస్తాను సార్, కొత్త ఫోను దండగ" అన్నాడట. "ఏమ్మా, ఈ రూట్ అంటే ఏమిటి? చేయించుకోమంటావా?" అని అడిగారు మామయ్యగారు. కారణం తెలియనిదే ఆయన దేనికీ తల ఊపరు. ఆయనకు చెప్పినదాన్నే కొంత విస్తరించి ఇక్కడ రాస్తున్నాను.

ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఫోనులో వేసుకునే ఒక్కొక్క యాప్‌నూ లినక్స్ ఒక్కొక్క వేరు వినియోగదారుగా లెక్కగడుతుంది కనుక ఒక యాప్ ఇంకో యాప్ సొంత ఫైళ్ళను ముట్టుకోలేదు, సిస్టమ్ ఫైళ్ళ జోలికి ఏ యాప్ వెళ్ళలేదు. ఈ కట్టుబాట్లేవీ వర్తించని వినియోగదారు పేరే రూట్. కంపెనీలు ఫోనును మన చేతికిచ్చేటప్పుడు ఆ హోదాను తమ దగ్గరే అట్టిపెట్టుకుంటాయి. దాన్ని మనం చేజిక్కించుకోవడాన్నే రూట్ చేయడం అంటున్నాం.

ఇక చోటు లెక్కకు వద్దాం. డబ్బా మీద 8 జీబీ అని రాసిన ఫోనులో మామయ్యగారికి మిగిలేది నాలుగున్నర జీబీ చిల్లర. తయారీదారులు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అంటారు, ఫోను 1024ల లెక్కన కొలుస్తుంది కనుక 8 అన్నది మొదటి అడుగులోనే 7.45కు దిగుతుంది. మిగతా తరుగంతా విభాగాల వల్ల వస్తుంది. ఫోను లోపలి మెమరీని ఫ్యాక్టరీలోనే బూట్, రికవరీ, కాష్, సిస్టమ్, డేటా అంటూ ముక్కలు చేసి హద్దులు గీసేస్తారు. ఆండ్రాయిడ్, దానితోపాటు కంపెనీ ఎక్కించిన యాప్‌లు సిస్టమ్ విభాగంలో ఉంటాయి. మనం వేసుకునే యాప్‌లు, ఫొటోలు, వాట్సాప్ సందేశాలు డేటా విభాగంలో ఉంటాయి. సెట్టింగ్స్‌లో 'ఖాళీ' అని కనిపించే అంకె డేటా విభాగానిది ఒక్కదానిదే.

రూట్ చేసి సిస్టమ్ విభాగంలోంచి ఒక ఆటనో, ఎవరూ తెరవని ఒక మ్యూజిక్ యాప్‌నో తొలగించామనుకోండి. ఖాళీ అయ్యేది సిస్టమ్ విభాగమే. కావేరీ నీళ్ళ సంపు, బోరు నీళ్ళ ట్యాంకు విడివిడిగా ఉన్న బెంగళూరు ఇంట్లో బోరు ట్యాంకును ఎంత ఖాళీ చేసినా సంపులో చోటు పెరగదు కదా. ఆ ఖాళీలో మనం ఫొటో పెట్టుకోలేము, యాప్ వేసుకోలేము. ఎందుకంటే ఆ విభాగాన్ని ఆండ్రాయిడ్ చదవడానికే తప్ప రాయడానికి తెరవదు.

అయితే సిస్టమ్ యాప్‌లు మన చోటును తినవా అంటే, వేరే దారిన తింటాయి. ఫోనుతో వచ్చిన మ్యాపుల యాప్‌కు ప్లే స్టోర్ నుంచి కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, సిస్టమ్ విభాగంలో రాయడానికి వీలులేదు కనుక, ఆ కొత్త వెర్షన్ మొత్తం డేటా విభాగంలోకి వచ్చి కూర్చుంటుంది. పాత ప్రతి సిస్టమ్‌లో అలాగే పడి ఉంటుంది. అంటే ఒకే యాప్ ఫోనులో రెండుసార్లు ఉంటుంది, అందులో రెండోది మన వాటాలోంచి. మామయ్యగారి ఫోనులో వీడియో, మ్యాపులు, మెయిలు, బ్రౌజరు, పుస్తకాల యాప్ అన్నీ ఇలా జంటలుగానే ఉన్నాయి. దీనికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంది. ఆయన వాడని యాప్‌లు ఒక్కొక్కదాన్ని తెరిచి, అప్‌డేట్‌లను అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఆపైన డిజేబుల్ చేశాము. డేటా విభాగంలోని రెండో ప్రతి పోయింది, మళ్ళీ అప్‌డేట్ రాకుండా ఆగింది. గూగుల్ ప్లే సర్వీసెస్‌ను మాత్రం ఇలా ముట్టుకోకూడదు. దాన్ని ఆపితే సగం యాప్‌లు మొండికేస్తాయి.

సిస్టమ్ యాప్‌లు తీసేసినా మన చోటు పెరగదన్న మాటకు ఆండ్రాయిడ్ 5లో ఒక చిన్న మినహాయింపు ఉంది. 2014లో 5.0 నుంచి అన్ని ఫోన్లలోనూ అమలైన ఏఆర్‌టీ అనే ఏర్పాటు, యాప్‌ను వేసుకునేటప్పుడే దాని కోడ్ మొత్తాన్ని ప్రాసెసర్‌కు నేరుగా అర్థమయ్యే రూపంలోకి మార్చి దాచుకుంటుంది. యాప్‌లు వేగంగా తెరుచుకుంటాయి కానీ ఒక్కొక్కటీ డౌన్‌లోడ్ సైజు కంటే చాలా ఎక్కువ చోటు పట్టడానికి ఇదే కారణం. కొన్ని ఫోన్లలో సిస్టమ్ యాప్‌ల తాలూకు మార్చిన కోడ్ కూడా డేటా విభాగంలోని డాల్విక్ కాష్ ఫోల్డరులోనే చేరుతుంది. అలాంటి ఫోనులో సిస్టమ్ యాప్‌ను పీకేస్తే దాని వాటా కోడ్ కూడా పోయి కాస్త చోటు నిజంగానే దక్కుతుంది. 2016లో వచ్చిన 7.0 నుంచి, తరచుగా వాడే భాగాలను మాత్రమే ముందుగా మార్చే పద్ధతి వచ్చింది కనుక ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది.

మరి రూట్ చేస్తే చోటు వస్తుందన్న నమ్మకం ఎక్కడి నుంచి పుట్టింది? అది 2010 నాటి మాట. అప్పట్లో హెచ్‌టీసీ డిజైర్ వంటి పేరున్న ఫోనులో సైతం లోపలి మెమరీ మొత్తం 512 ఎంబీ. అందులో యాప్‌లకు దక్కేది మూడోవంతు కూడా కాదు. పట్టుమని ఇరవై ముప్పై యాప్‌లు వేయగానే ఫోను చేతులెత్తేసేది. ఆ ఏడాదే వచ్చిన ఆండ్రాయిడ్ 2.2 వెర్షన్ ఫ్రోయో, యాప్‌లను మెమరీ కార్డు మీదికి జరిపే సౌకర్యం ఇచ్చింది కానీ, అది అన్ని యాప్‌లకూ వర్తించేది కాదు, జరిపినవాటిలో కూడా కొంత భాగం లోపలే ఉండిపోయేది. అందుకని ఔత్సాహికులు రూట్ చేసి, విభాగాల హద్దులనే చెరిపి తిరగరాసేవారు. వారికి చోటు నిజంగానే పెరిగింది. మాట మిగిలింది, అది వర్తించిన ఫోన్లు పోయాయి.

మామయ్యగారి ఫోనులో చోటును అసలు తింటున్నదేమిటో చూడటానికి రూట్ అక్కరలేదు, దాచిన ఫైళ్ళను కూడా చూపించే ఒక ఫైల్ మేనేజర్ చాలు. అనుకున్నట్టుగానే మొదటి దోషి వాట్సాప్. కుటుంబం గ్రూపు, పూర్వ విద్యార్థుల గ్రూపు, విశ్రాంత ఉపాధ్యాయుల గ్రూపు, ఇంకా ఏవేవో. రోజూ తెల్లవారకముందే మొదలయ్యే శుభోదయాలు, వేంకటేశ్వర స్వామి బొమ్మలు, ఒకే వీడియో నలుగురి నుంచి నాలుగు కాపీలుగా. ఆయన పంపినవాటికి వేరే ఫోల్డరు ఉంటుందని, తన చేతి మీదుగా ఫార్వర్డ్ అయిన ప్రతి వీడియో అక్కడ కూడా పేరుకుపోవచ్చని ఆయనకు తెలియదు. వాట్సాప్‌లోనే డేటాబేసెస్ అనే మరో ఫోల్డరు ఉంది. వాట్సాప్ రోజూ రాత్రి రెండు గంటలకు సందేశాలన్నిటినీ ఒక ఫైలుగా ఫోనులోనే భద్రపరుస్తుంది, అలాంటి ఫైళ్ళను వారం రోజులవి ఉంచుతుంది. ఏళ్ళ తరబడి సందేశాలు ఉన్నవారికి ఒక్కొక్క ఫైలూ వంద ఎంబీ దాటడం వింతేమీ కాదు. తాజాదాన్ని ఉంచి పాతవాటిని తీసేయవచ్చు.

రెండోది నాకే ముచ్చటగా అనిపించింది. కెమెరా ఫొటోలుండే డీసీఐఎం ఫోల్డరులో, పేరుకు ముందు చుక్క ఉండటం వల్ల మామూలుగా కనిపించని థంబ్‌నెయిల్స్ ఫోల్డరు ఒకటుంది. అందులో థంబ్‌డేటా అన్న పేరుతో మొదలై చివర పొడుగాటి అంకె ఉన్న ఫైలు ఒకటి, అక్కడున్న ఫొటోలన్నిటినీ కలిపినా తూగనంత సైజులో కూర్చుని ఉంది. గ్యాలరీ తెరిచినప్పుడు చిన్న చిన్న బొమ్మలు చకచకా కనిపించడానికి ఆండ్రాయిడ్ తయారు చేసుకునే ఫైలు ఇది. చిక్కేమిటంటే, ఫొటోలను తొలగించినా ఇది తగ్గదు, పెరుగుతూనే పోతుంది. దీన్ని తొలగిస్తే ఏ ఫొటోకూ నష్టం లేదు, గ్యాలరీ తెరిచినప్పుడు మళ్ళీ చిన్నగా మొదలవుతుంది. చోటు లేదని మనవడి ఫొటోలు తుడిచేసుకుంటూ వచ్చిన పెద్దమనిషికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన చిరాకును నేను ఇక్కడ వర్ణించను.

మూడు వందల ఎంబీ ఖాళీ కనిపిస్తున్నా యాభై ఎంబీ యాప్ ఎందుకు ఎక్కడం లేదని ఆయన అడిగిన ప్రశ్న కూడా న్యాయమైనదే. ఆండ్రాయిడ్ తన పని నడవడానికి కొంత చోటును ఎప్పుడూ వదిలిపెడుతుంది. మామూలుగా అది మొత్తంలో కొద్ది శాతం, లేదా 500 ఎంబీ, వీటిలో ఏది తక్కువైతే అది. ఖాళీ ఆ గీతకు దగ్గరపడేసరికి హెచ్చరికలు మొదలవుతాయి. పైగా ముందు చెప్పినట్టు యాభై ఎంబీ యాప్ విప్పుకుని, కోడ్ మార్చుకునేసరికి యాభైతో ఆగదు.

ఇంతా చెప్పాక, చోటు విషయంలో రూట్ నిజంగా అక్కరకొచ్చే సందర్భం ఒకటుందని ఒప్పుకోవాలి. లింక్‌టుఎస్‌డీ అనే యాప్ ఉంది. మెమరీ కార్డును రెండు భాగాలు చేసి, మొదటిదాన్ని ఫొటోలు, పాటలకు మామూలు పద్ధతిలోనూ, రెండోదాన్ని లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలోనూ ఫార్మాట్ చేయాలి. లింక్‌టుఎస్‌డీ యాప్ ఫైళ్ళను ఆ రెండో భాగంలోకి తరలించి, అవి పూర్వం ఉన్న చోట గుర్తుగా ఒక లింకు మాత్రం వదులుతుంది. ఆండ్రాయిడ్ ఆ లింకును చూసి ఫైలు ఇంకా అక్కడే ఉందనుకుంటుంది. ఫ్రోయో పద్ధతిలో కదలనని మొరాయించిన యాప్‌లు కూడా దీనికి లొంగుతాయి. సిస్టమ్ లోపలి భాగాల్లో ఇలా చేయి పెట్టడం రూట్ హోదా లేకుండా కుదరదు. నా సొరుగులో ఊరికే పడి ఉన్న పాత ఫోనును నేను రూట్ చేసుకున్నది దీని కోసమే, అది చక్కగా నడుస్తోంది.

దీనికి మంచి కార్డు ఉండాలి. నాసిరకం కార్డు మీద ఫొటోలుంటే ఫొటోలే పోతాయి, యాప్‌లుంటే ఫోనే తడబడుతుంది. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్పీ రోడ్డులో 64 జీబీ అని రాసి ఉన్న కార్డు ఆశ్చర్యపోయేంత చవకగా దొరికితే, అది లోపల 8 జీబీయే అయి ఉండవచ్చు. కంప్యూటరులో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ వంటి పనిముట్టుతో కార్డును చివరిదాకా నింపి, తిరిగి చదివించి చూస్తేనే నిజం తేలుతుంది. ఆండ్రాయిడ్ 6.0 ఉన్నవారికి ఇంత శ్రమ లేకుండానే, కార్డును లోపలి మెమరీలో భాగంగా కలిపేసుకునే వీలు 2015 నుంచీ ఉంది. కొన్ని కంపెనీలు ఆ సౌకర్యాన్ని మూసేశాయి, అది వేరే సంగతి. అలా కలిపిన కార్డును ఆ ఫోను తనకు మాత్రమే తెలిసిన తాళంతో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది కనుక వేరే ఫోనులో పెడితే అది చదవబడదు.

రూట్‌కు చెల్లించే మూల్యం ఇక. ముందు, ఫోను ఆన్ కాగానే ఆండ్రాయిడ్‌ను నడిపించే బూట్‌లోడర్‌ను అన్‌లాక్ చేయాలి, ఆ క్షణంలోనే డేటా విభాగం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. చోటు కోసం బయలుదేరినవారు బ్యాకప్ లేకుండా ఈ మెట్టు ఎక్కితే ఫోను పూర్తిగా ఖాళీ అవుతుంది, వారు కోరుకున్న తీరులో కాదు. అన్‌లాక్ అవసరం లేకుండా ఒక్క నొక్కుతో రూట్ చేసే యాప్‌లు కూడా ఉన్నాయి. అవి పనిచేసేది ఫోనులోని భద్రతా లోపం ద్వారానే. 2014లో జార్జ్ హాట్జ్ అనే హ్యాకర్ విడుదల చేసిన టవల్‌రూట్, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోని ఒక లోపాన్ని ఆసరా చేసుకుంది. అదే లోపం దురుద్దేశం ఉన్న యాప్‌కూ తెరిచే ఉంటుందని మరువకూడదు. ఆండ్రాయిడ్ 7 నుంచి సిస్టమ్ విభాగంలో ఒక్క మార్పు కనిపించినా ఫోను బూట్ కావడానికే నిరాకరించవచ్చు. అందుకే 2016లో జాన్ వూ అనే ప్రోగ్రామర్ తెచ్చిన మ్యాజిస్క్ అనే పనిముట్టు సిస్టమ్ విభాగాన్ని తాకకుండా రూట్ ఇస్తుంది. ఇవన్నీ దాటినా, బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు రూట్ అయిన ఫోనును పసిగట్టి తెరుచుకోకపోవచ్చు. దాచే ఉపాయాలు ఉన్నాయి, వాటిని పట్టే ఉపాయాలూ వస్తూనే ఉన్నాయి. పింఛను చూసుకునే ఫోనులో ఆ దాగుడుమూతలు అనవసరమని నా అభిప్రాయం.

మామయ్యగారి ఫోనును రూట్ చేయించలేదు. వాట్సాప్‌లో మీడియా తనంతట తాను డౌన్‌లోడ్ కాకుండా ఆపి, ప్రవచనాల ఆడియోలు కార్డు మీదికి మార్చాక జీబీకి పైగా ఖాళీ నిలిచింది. ఇక మీదట ఆ ఫోనుకు వచ్చే ముప్పు చోటు వైపు నుంచి రాదు. 2023 అక్టోబరులో వాట్సాప్ 5.0 కంటే పాత ఆండ్రాయిడ్‌లకు సెలవు చెప్పింది. 5.1 ఆ గీతకు ఒక్క మెట్టు పైన మాత్రమే ఉంది. గీత ఇంకాస్త పైకి జరిగిన రోజున, ఆయన ఫోనుకు కొత్త ఆండ్రాయిడ్‌తో ఔత్సాహికులు తయారుచేసిన కస్టమ్ రోమ్ (కంపెనీది కాని సిస్టమ్) ఏదైనా దొరుకుతుందేమో వెతుకుతాను, అప్పుడు బూట్‌లోడర్ తెరవడానికి నాకు అభ్యంతరం ఉండదు. దొరక్కపోతే, ఊడదీయగల బ్యాటరీ ఉన్న ఫోను కోసం ఆయనతో కలిసి ఎస్పీ రోడ్డంతా తిరగడం తప్పదు.